పాలటైనా, నీరో బంగారు మేడా, తివోలీనా?

రోముకు బయల్దేరేవాళ్లు నన్ను అడిగేది ఒక్కటే: చేతిలో ఉన్నది రెండు రోజులు, చక్రవర్తుల భవనాల్లో ఏది చూడాలి?

పాలటైన్ గుట్ట కొలోసియం టికెట్‌లోనే కలిసి వస్తుంది కాబట్టి ఎలాగూ చూస్తారు. ‘ప్యాలెస్’ అనే మాట పుట్టిందే ఆ గుట్ట పేరు నుంచి. ప్రాణభయం పట్టుకున్న డొమిషియన్ చక్రవర్తి, వెనక ఎవరు వస్తున్నారో కనిపించాలని, తాను పచార్లు చేసే వసారాల గోడలకు అద్దంలా మెరిసే రాయి పరిపించాడట. అయినా క్రీ.శ. 96లో సొంత భవనంలోనే పొడిచి చంపారు. కథ గొప్పదే, ఆ రాయి మాత్రం లేదు. చలువరాళ్లను ఎప్పుడో ఊడదీసుకుపోయారు. మిగిలినవి ఎండలో ఇటుక గోడలు. లోపల వెలుగు ఎలా పడేదో మనమే ఊహించుకోవాలి.

నా కొలత అదే: నెత్తిమీద కప్పు ఉందా, లేదా?

ఆ లెక్కన నీరో ‘డోమస్ ఔరియా’దే పైచేయి. 64లో రోము తగలబడ్డాక కట్టించుకున్న బంగారు మేడ అది. తర్వాత ట్రాజన్ చక్రవర్తి ఆ గదుల్లో మట్టి కూరించి, పైన స్నానశాలలు కట్టించాడు. ఆ పూడికే కప్పులను కాపాడింది. 15వ శతాబ్దం చివర్లో చిత్రకారులు పైనుంచి కన్నాల్లోకి దిగి, దివిటీ వెలుగులో ఆ కప్పుల మీది బొమ్మలకు నకళ్లు గీసుకున్నారు. కొందరు తమ పేర్లు కూడా గీకారు (మన కోటల గోడలు గుర్తుకొస్తాయి).

అక్కడ ఎనిమిది పలకల గది ఒకటుంది. పైన కాంక్రీటు గుమ్మటం, దాని నడుమ గుండ్రటి కన్నం. రోములో నేడు కనిపించే పాంథియాన్ గుడికి దాదాపు అరవై ఏళ్ల ముందటిది. చుట్టుపక్కల గదుల్లోనూ వెలుగు ఉంటుంది, ఎక్కడి నుంచి వస్తోందో మాత్రం వెంటనే తెలియదు. గుమ్మటం వెనక దాచిన సందుల్లోంచి దిగుతుంది. గోడల మీద నగిషీ ఏమీ మిగల్లేదు, అయినా కాలు కదలదు.

రోముకు దగ్గర్లోని తివోలీలో హేడ్రియన్ చక్రవర్తి విడిది దాదాపు 300 ఎకరాలు. చుట్టూ నీటి కాలువ, మధ్యలో దీవి, దాని మీద చిన్న ఇల్లు: ఏకాంతం కోరిన చక్రవర్తి మనసు అక్కడ తెలుస్తుంది. పిల్లలతో వెళ్తే తివోలీయే మేలు, కానీ ఒక పూట పూర్తిగా పోతుంది. స్ప్లిట్‌లోని డయొక్లీషియన్ కోటలో జనం ఇప్పటికీ కాపురముంటున్నారు, అయితే అది క్రొయేషియాలో ఉంది. కాప్రి దీవిలో టైబీరియస్ మేడకు సముద్రం కోసం ఎక్కాలి, గదుల కోసం కాదు.

డోమస్ ఔరియాకు ముందే టికెట్ తీసుకోండి. నడి వేసవిలోనూ లోపల చలి, శాలువా మరవకండి.