జేబులో పోట్ల పట్టిక: ఫ్రాన్స్ పశ్చిమ తీరంలో కారు ప్రయాణానికి ఎంతవరకు నమ్మొచ్చు?

నార్మండీ నుంచి బ్రిటనీ మీదుగా వాండే వరకు ఫ్రాన్స్ సముద్రపు ఒడ్డున కారేసుకుని తిరగాలనుకునేవాళ్లు ఒక్క వస్తువు కొనదలుచుకుంటే పోట్ల పట్టిక కొనమంటాను. గాలాలు, ఎరలు అమ్మే కొట్లలో, పొగాకు దుకాణాల్లో, పేపర్ల షాపుల్లో దొరుకుతుంది. అరచేతిలో పట్టే సన్నటి పుస్తకం, ధర కొద్దిపాటే. ఏ రోజు ఏ సమయానికి సముద్రం నిండుగా పైకొస్తుందో, ఏ సమయానికి బాగా వెనక్కి తగ్గుతుందో, నీటి ఎత్తు ఎన్ని మీటర్లో ఏడాది పొడవునా వరుసగా ఉంటాయి. నేనూ మా స్నేహితుడూ ఆ తీరంలో ప్రయాణాలకు దీన్ని చాలాకాలంగా వాడుతున్నాం. ఒకరు స్టీరింగ్ దగ్గర, ఇంకొకరు పట్టిక దగ్గర.

ఇందులో నేను మనసిచ్చింది ‘కోఎఫ్’ (కోఎఫిషియెంట్‌కి పొట్టిపేరు) అనే వరుసకి. ప్రతి పోటుకీ 20 నుంచి 120 లోపు ఒక అంకె. బ్రెస్ట్ రేవు దగ్గరి పోటు పరిమాణంతో లెక్కగట్టి, ఫ్రాన్స్ అట్లాంటిక్, ఇంగ్లిష్ ఛానెల్ తీరాలన్నింటికీ అదే అంకె వాడతారు. 45 చుట్టూ ఉంటే చిన్న పోటు, 70 అయితే మామూలు, 95 దాటితే పెద్దది, 110 దాటితే ఊళ్లకు ఊళ్లు గమ్‌బూట్లేసుకుని బీచ్‌కి కదిలే రోజు. విశాఖలో పోటుకీ ఆటుకీ మధ్య తేడా రెండు మీటర్ల లోపే. బ్రిటనీలోని సాన్ మాలోలో పెద్ద రోజుల్లో అది 12 మీటర్లు దాటుతుంది. మూడు, నాలుగు అంతస్తుల ఎత్తు నీరు ఆరు గంటల్లో వచ్చి, మళ్లీ ఆరు గంటల్లో పోయే చోట, ఏ ఊరికి ఏ రోజు వెళ్లాలో ఈ అంకే చెబుతుంది. దూరాలు, హోటళ్లు చూసి వేసుకున్న షెడ్యూలుకి ఆ తీరం సగమే కనిపిస్తుంది.

కంకాల్‌ సంగతి చూడండి. బ్రిటనీలోని ఆ ఊళ్లో లా ఊల్ రేవు దగ్గర కొట్టువాళ్లు ఆల్చిప్పలు అక్కడికక్కడే విప్పి, నిమ్మచెక్కతో ఇస్తారు. సైజు నంబరు తగ్గేకొద్దీ ఆల్చిప్ప పెద్దదవుతుంది, మొదటిసారి తినేవాళ్లకు 3 లేదా 4 నంబరు సరిపోతుంది. పోటు సమయంలో అక్కడ కనిపించేది నీళ్లు మాత్రమే. ఆటు వేళ వెళ్తే ఆ ఆల్చిప్పలు పెరిగే మడులు బారులు తీరి, వాటి మధ్య ట్రాక్టర్లు తిరుగుతూ కనిపిస్తాయి. సాన్ మాలోలోనూ అంతే. గ్రాన్ బే దీవికి, అక్కడున్న రచయిత షతోబ్రియాన్ సమాధికి నడిచి వెళ్లే బాట ఆటు వేళే బయటపడుతుంది. అదే సమయంలో బాన్ సెకూర్ బీచ్‌లోని సముద్రపు ఈతకొలనులో, చుట్టూ ఇసుక తేలినా, నీరు నిలిచే ఉంటుంది.

మోన్ సాన్ మిషెల్‌కి లెక్క తిరగబడుతుంది, సముద్రం మధ్య కొండ మీద మఠం ఉన్న ఆ చోటికి పోటు చూడటానికే వెళ్లాలి. 2014లో తెరిచిన కొత్త వంతెన వల్ల ఇప్పుడు కొండకు దాదాపు ఎప్పుడూ దారి ఉంటుంది. కోఎఫ్ 110 దాటిన రోజుల్లో మాత్రం పోటు వేళకి అటూ ఇటూ కాసేపు దారి మునిగి, కొండ నిజంగా దీవి అవుతుంది. అది చూడాలంటే పోటుకి రెండు గంటల ముందే ప్రాకారం ఎక్కి ఉండాలి. కారు రెండున్నర కిలోమీటర్ల అవతల పార్కింగ్‌లో ఆగిపోతుంది, అక్కడి నుంచి ఉచిత బస్సు. పెద్ద రోజుల్లో ఆ బస్సుకీ క్యూ ఉంటుంది కాబట్టి ఇంకో గంట కలుపుకోండి. గైడు లేకుండా ఇసుక మేటల్లోకి దిగొద్దు. ఊబి ఉంటుంది, నీరు వెనక వైపు కాలవల్లోంచి చుట్టుముడుతుంది.

మన తెలుగు క్యాలెండర్ చూసే అలవాటున్నవాళ్లకి తేదీలు ఎంచుకోవడం తేలిక. అక్కడ పెద్ద పోట్లు సరిగ్గా పున్నమి, అమావాస్యల నాడు రావు, ఒకటిన్నర రోజు ఆలస్యంగా వస్తాయి. అంటే పాడ్యమి, విదియ. చిన్న పోట్లు నవమి, దశమిల్లో. ఏడాదిలో అన్నింటికంటే పెద్దవి మార్చి, సెప్టెంబరు విషువత్తుల (పగలూ రాత్రీ సమానంగా ఉండే రోజుల) దగ్గర. విమానం టికెట్లు కొనేముందు తిథులు చూసుకుంటే పట్టిక చేతికి రాకముందే సగం పని అయిపోతుంది.

ఈ పట్టిక వాడగా తెలిసిన మంచి విషయం ఇంకోటుంది, గైడు పుస్తకాల్లో అరుదుగా రాస్తారు. ఒక రేవులో పెద్ద పోట్లు ఎప్పుడొచ్చినా ఇంచుమించు ఒకే వేళకి వస్తాయి. సాన్ మాలోలో వేసవి సమయం (వేసవి నెలల్లో గడియారం ఒక గంట ముందుకి జరిపిన లెక్క) ప్రకారం పెద్ద రోజుల పోటు పొద్దున ఎనిమిది, తొమ్మిది గంటలకీ, మళ్లీ రాత్రి పొద్దుగూకే వేళకీ, ఆటు మధ్యాహ్నం మూడు ప్రాంతంలోనూ పడుతుంది. బ్రెస్ట్ వైపు ఇవన్నీ రెండు గంటలు ముందు. కాబట్టి బ్రిటనీలో కోఎఫ్ పెద్దగా ఉన్న వారంలో మధ్యాహ్నాలు ఇసుక మీదికి, సాయంత్రాలు కోట గోడల మీదికి కేటాయించుకోవచ్చు. వేళ రోజుకి సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది, అది కలుపుకుంటే చాలు. పైగా బ్రిటనీలో ఎన్12, ఎన్165 లాంటి పెద్ద రోడ్లకు టోల్ లేదు, వేగ పరిమితి గంటకి 110 కిలోమీటర్లు, వానలో 100. పోటు వేళని బట్టి ఊళ్ల వరుస మార్చుకున్నా ఖర్చు పెట్రోలు వరకే.

ఇంత మెచ్చుకున్నాక దీనికి ఎక్కడ చేతకాదో కూడా చెప్పాలి. అది తేలింది పాసాజ్ ద్యు గ్వా దగ్గర.

వాండేలో బోవ్వార్ నుంచి న్వార్‌ముతియే దీవికి సముద్రం అడుగున నాలుగు కిలోమీటర్ల పైచిలుకు రోడ్డు అది. పోటు వేళ దాని మీద 1.30 నుంచి 4 మీటర్ల నీరు నిలుస్తుంది. ఆటుకి గంటన్నర ముందు నుంచి గంటన్నర తర్వాత వరకు కార్లు వెళ్లొచ్చన్నది అందరూ చెప్పే సూత్రం. మధ్యలో అక్కడక్కడా మెట్లున్న ఎత్తయిన స్తంభాలు ఉంటాయి. నీటిలో చిక్కినవాళ్లు కారు వదిలి ఎక్కి నిలబడటానికి. పేవింగ్ రాళ్ల మీద నాచు పట్టి, రోడ్డు తేలాక కూడా జారుడుగానే ఉంటుంది. 1999 టూర్ ద ఫ్రాన్స్ సైకిల్ పందెం రెండో స్టేజీలో సైకిళ్లు ఇక్కడే కుప్పగా పడి, పోటీదారు అలెక్స్ జుల్లే ఆరు నిమిషాలకు పైగా వెనకబడిపోయాడు. కారులో అయితే గంటకి 30, 40 దాటకుండా, గట్టి బ్రేకు వేయకుండా పోవాలి.

మేం వెళ్లింది కోఎఫ్ 45 చుట్టూ ఉన్న రోజు. నైరుతి గాలి బలంగా ఉంది, ఆకాశం మూసుకుని ఉంది. పట్టికలో ఆటు వేళ చూసి గంటన్నర తీసేస్తే రోడ్డు తెరుచుకోవాలి. ఆ సమయానికి రోడ్డు మొదట్లో తడి తారు కనిపించింది గానీ, ముందుకి చూస్తే పల్లపు భాగం ఇంకా నీళ్లలోనే ఉంది. స్థానికుల కార్లు పక్కన ఆగి ఎదురు చూస్తున్నాయి. ఇంకో అరగంటకీ ఆ నీరు కదల్లేదు. మేం వెనక్కి తిరిగి, ఫ్రొమాంతీన్ దగ్గర 1971లో కట్టిన వంతెన మీదుగా దీవికి వెళ్లాం. ఆ వంతెనకి టోల్ లేదు, కొద్దిపాటి చుట్టు తప్ప నష్టమేమీ లేదు.

పట్టిక తప్పు రాయలేదు. అందులో ఉండేది చంద్రుడు, సూర్యుడి లెక్క మాత్రమే, ఆ రోజు గాలి ఒత్తిడి ఎంతో దానికి తెలీదు. మామూలు ఒత్తిడి 1013 హెక్టోపాస్కల్స్. అది ఒక్కోటి తగ్గితే సముద్రం సుమారు ఒక సెంటీమీటరు పైకి లేస్తుంది. 990 ఉన్న రోజున 23 సెంటీమీటర్లు ఎక్కువ, ఒడ్డు వైపు వీచే గాలి తోసేది దాని మీద అదనం. 23 సెంటీమీటర్లు ఎంతలే అనిపిస్తుంది గానీ, నీరు ఆరు గంటల్లో ఒకే వేగంతో కదలదు. మొత్తం ఎత్తు తేడాని పన్నెండు వంతులు చేస్తే మొదటి గంటలో ఒక వంతు, రెండో గంటలో రెండు, మూడు, నాలుగు గంటల్లో మూడేసి, ఐదులో రెండు, ఆరులో ఒకటి. చిన్న పోటు రోజు తేడా 2.40 మీటర్లనుకోండి. ఒక వంతు 20 సెంటీమీటర్లు. ఆటుకి ముందు గంటన్నరలో దిగే నీరు రెండు వంతులు, అంటే 40 సెంటీమీటర్లు. అందులో 23 ఒత్తిడే మింగేస్తే మిగిలేది 17. గంటన్నర అనుకున్న వ్యవధి ఇటు గంట లోపు, అటు గంట లోపు అయిపోతుంది. గాలిని కలిపితే ఇంకా తగ్గుతుంది. కోఎఫ్ 100 ఉన్న రోజైతే నీరు అంతకంటే చాలా లోతుకి దిగుతుంది కాబట్టి అదే 23 సెంటీమీటర్లు పెద్ద తేడా చేయదు.

అందుకని గ్వాకి మా లెక్క ఇప్పుడు ఇది. కోఎఫ్ 60 లోపు ఉంటే, లేదా ఒత్తిడి 1005 కంటే తక్కువ ఉంటే, ఆటుకి ముందొక గంట, తర్వాతొక గంట మాత్రమే. రెండూ కలిసొస్తే వంతెనే. ఎప్పుడైనా నీరు దిగుతున్నప్పుడే బయల్దేరాలి. ఎక్కే నీటితో పందెం వద్దు, ఎందుకంటే మధ్యలో టైరు పంక్చరైతే దిగే నీరు మీకు వ్యవధి ఇస్తుంది, ఎక్కే నీరు ఉన్న వ్యవధిని లాక్కుంటుంది. రోడ్డు పక్క ఇసుకలోకి చక్రం దించొద్దు. రెండు చివర్లా ఆ రోజు వేళల బోర్డు ఉంటుంది, మీ లెక్కకీ దానికీ తేడా వస్తే బోర్డుదే చివరి మాట. అద్దె కారయితే ఒప్పందంలో కారు కింది భాగానికి, సముద్రపు నీటికి బీమా వర్తిస్తుందో లేదో ముందే చదవండి. చాలా ఒప్పందాల్లో వర్తించదు. దాటాక అదే రోజు సొంతంగా కడుక్కునే వాషింగ్ పాయింటులో మంచినీటి జెట్‌తో చక్రాల తొట్లు, కింది పళ్లెం, బ్రేకు డిస్కులు కడగాలి. ఉప్పు ఎండిపోతే మర్నాటికే డిస్కుల మీద తుప్పు పొర కనిపిస్తుంది.

పట్టికతో ఇంకో రెండు చిక్కులు. మొదటిది సమయం. కొన్ని పుస్తకాల్లో ఏడాదంతా శీతాకాలపు సమయమే వేస్తారు. మార్చి ఆఖరి ఆదివారం నుంచి అక్టోబరు ఆఖరి ఆదివారం వరకు మీరే ఒక గంట కలుపుకోవాలి. కొన్నింట్లో ఆ గంట కలిపే ఉంటుంది. ఏదన్నది లోపలి అట్ట మీద చీమ తలకాయంత అక్షరాల్లో రాస్తారు. మొదటి పేజీలో పెద్దగా వేయాల్సిన సంగతి ఇది, అలా దాచడం నాకు క్షమించరానిదిగా అనిపిస్తుంది. కొనగానే పెన్నుతో అట్ట మీద మీరే రాసుకోండి.

రెండోది రేవు. పోటు అల బ్రెస్ట్ దాటాక సాన్ మాలోకి చేరడానికి దాదాపు రెండు గంటలు, ల హావ్ర్‌కి ఐదు గంటల పైన పడుతుంది. రెండో ప్రపంచ యుద్ధంలో, 1944 జూన్ 6న, నార్మండీలోని ఒమహా, యూటా బీచ్‌ల మీద అమెరికన్లు పొద్దున 6:30కి దిగితే, తూర్పున గోల్డ్, సోర్డ్ బీచ్‌ల మీద బ్రిటిష్‌వాళ్లు 7:25కి దిగడానికి ప్రధాన కారణం ఇదే. నీరు తక్కువగా ఉండి, జర్మన్లు అడ్డంగా పాతిన కమ్మీలు కనిపించే వేళ తూర్పుకి పోయేకొద్దీ ఆలస్యం. అరొమాంష్‌లో ఆనాటి కృత్రిమ రేవు కాంక్రీటు దిమ్మెల దగ్గరికి ఈరోజు నడిచి వెళ్లాలన్నా అదే లెక్క పట్టాలి. సాన్ మాలో పుస్తకం పట్టుకుని అరొమాంష్ వెళ్తే దిమ్మెలు నీళ్లలోనే ఉంటాయి. కోఎఫ్ తీరమంతటికీ ఒకటే గానీ, వేళ మాత్రం ఏ రేవుకా రేవుది.

ఈ విషయంలో ఫోన్‌దే పైచేయి. చిన్న రేవుల వేళలు కూడా చూపిస్తుంది, ఒత్తిడి, గాలి కూడా పక్కనే ఉంటాయి. ఒకప్పుడు పుస్తకం ఉంటే ఫోన్ అక్కర్లేదని అనేవాణ్ణి. ఇప్పుడు వారం మొత్తాన్ని ఒక్క చూపులో పరుచుకుని ప్లాను వేసుకోవడానికి పుస్తకం, బయల్దేరే రోజు పొద్దున సరిచూసుకోవడానికి ఫోన్ అంటాను. సిగ్నల్ లేని కొసల్లో మళ్లీ పుస్తకమే.

మాకు ఇంత బాగా కుదరడానికి మా పరిస్థితులు కూడా కారణం. ఇద్దరమే, చిన్న కారు, పిల్లలు లేరు, గదులు ఒకటి రెండు రోజుల ముందే తీసుకుంటాం. ఆగస్టులో అన్నీ ముందే బుక్ చేసుకుని, ముసలివాళ్లతో వెళ్లేవాళ్లకి పోటు ప్రకారం ఊళ్లు మార్చడం కుదరదు. అలాంటివాళ్లు మోన్ సాన్ మిషెల్, సాన్ మాలో రోజులు రెండింటికి మాత్రం పట్టిక చూసుకుంటే చాలు. మార్సెయ్, నీస్ వైపు వెళ్తుంటే అసలు కొనకండి. మధ్యధరాలో పోటు తేడా జానెడే. జనవరి ప్రయాణమైతే అట్ట మీద సంవత్సరం చూసి తీసుకోండి, కొట్లలో పాత ఏడాదివి ఇంకా మిగిలి ఉంటాయి.