హొసకోట ఇంటికి వేడినీళ్లు: కట్టెల బాయిలరా, సోలారా, గీజరా?

మా తమ్ముడు బెంగళూరు అవతల హొసకోట దగ్గర నలభై బై అరవై స్థలంలో ఇల్లు కట్టుకుంటున్నాడు. స్లాబు పడింది. గోడల్లో గొట్టాలు ఎక్కడెక్కడ రావాలో వారంలోగా చెప్పమని ప్లంబరు తొందరపెడుతున్నాడు. ఆ వారంలోనే తమ్ముడు ఫోను చేశాడు. "అక్కా, పెరట్లో కట్టెల బాయిలర్ పెట్టిద్దామనుకుంటున్నాను. నాలుగు కొబ్బరిచెట్లు ఉన్నాయి. కరెంటు బిల్లూ ఉండదు, గ్యాసు గొడవా ఉండదు. ఏమంటావు?"

వాడికి ఈ ఆలోచన ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసు. ఉద్యోగరీత్యా న్యూయార్క్ రాష్ట్రం ఉత్తరభాగంలో రెండు చలికాలాలు గడిపాడు. అక్కడి పల్లెటూళ్లలో ఇంటికి దూరంగా పెరట్లో చిన్న రేకుల గదిలాంటి బాయిలర్ ఉంటుంది. లోపల పొయ్యి, పొయ్యి చుట్టూ నీళ్లు. ఆ వేడినీళ్లు భూమిలో పూడ్చిన గొట్టాల గుండా ఇంట్లోకి వచ్చి గదులన్నిటినీ వెచ్చబెట్టి తిరిగి వెళతాయి. పొద్దునా సాయంత్రం రెండుసార్లు మొద్దులు వేస్తే చాలు. అయితే దానిలో ఒక పెద్ద లోపం ఉంది. నీళ్లు తగినంత వేడెక్కగానే గాలి తలుపు మూసుకుంటుంది. గాలి అందని మొద్దులు మండకుండా కుములుతాయి. కుమిలే కట్టె నుంచి వచ్చే పొగ చిక్కగా, తడిగా ఉండి నేలబారుగా పక్కింటి కిటికీల్లోకి పోతుంది. ఆ పొగ మీద అమెరికా పర్యావరణ సంస్థ 2015లో దేశమంతటికీ పరిమితులు పెట్టి, 2020లో వాటిని ఇంకా బిగించింది.

బెంగళూరులో గదులు వెచ్చబెట్టుకోవలసిన చలి లేదు. ఈ ఊళ్లో నమోదైన అతి తక్కువ ఉష్ణోగ్రత 7.8 డిగ్రీలు, అదీ 1884 జనవరిలో. మామూలు జనవరి తెల్లవారుజామున పదిహేను డిగ్రీలకు అటూ ఇటూగా ఉంటుంది. ఒక దుప్పటి, ఒక స్వెట్టరు చాలు. కాబట్టి మనకు కావలసినది స్నానానికి, అంట్లకు వేడినీళ్లు, అంతే. అవి ఎన్ని కావాలో ముందు లెక్క తేలాలి.

ఒక లీటరు నీటిని ఒక డిగ్రీ వేడి చేయడానికి ఒక కిలోకేలరీ కావాలి. నలుగురున్న ఇల్లు, మనిషికి బకెట్టున్నర, అంటే రమారమి ముప్పై లీటర్ల గోరువెచ్చని నీళ్లు అనుకుందాం. మొత్తం నూట ఇరవై లీటర్లు. ట్యాంకులో ఇరవై అయిదు డిగ్రీలున్న నీటిని నలభైకి తేవాలంటే 1,800 కిలోకేలరీలు. కరెంటులో చెప్పాలంటే రెండు యూనిట్ల పైచిలుకు. బాగా ఎండిన కట్టె కిలోకు 3,500 కిలోకేలరీల దాకా ఇస్తుంది. అందులో సగం పొగగొట్టంలో పోయిందనుకున్నా రోజుకు కిలో కట్టె సరిపోతుంది. డిసెంబరులో నీళ్లు ఇంకా చల్లబడతాయి కనుక కిలోన్నర అనుకోండి. షవరు కింద పది నిమిషాలు నిలబడే ఇంట్లో మాత్రం ఇదంతా రెండింతలు, మూడింతలు అవుతుంది.

రోజుకు కిలో అంటే తక్కువే అనిపిస్తుంది. తమ్ముడి నాలుగు కొబ్బరిచెట్ల మాట చూద్దాం. కొబ్బరిచెట్టు నెలకు సుమారు ఒక మట్ట రాలుస్తుంది. నాలుగు చెట్లకు ఏడాదికి నలభై ఎనిమిది. రోజుకొక మట్ట కాల్చినా రెండు నెలలు తిరగకుండానే అయిపోతాయి. డొక్కలు, చిప్పలు కలిపితే ఇంకొన్ని రోజులు లాగవచ్చు. మిగిలిన ఏడాదంతా అడితి నుంచి కట్టెలు కొనవలసిందే. సరుగుడు దొరికితే మేలు, నీలగిరి కూడా బాగా మండుతుంది. ఏ కట్టె అయినా కొట్టిన వెంటనే కాల్చడానికి పనికిరాదు. పచ్చికట్టె బరువులో దాదాపు సగం నీరే. ఆ నీరు ఆవిరి కావడానికే వేడిలో కొంత ఖర్చయిపోతుంది, మంట చల్లబడి పొగ ఎక్కువవుతుంది. కనీసం ఆరు నెలలు రేకుల కింద, నేలకు తగలకుండా పేర్చి ఎండబెట్టాలి. రెండు ముక్కలు ఒకదానితో ఒకటి తట్టి చూడండి. ఎండిన కట్టె ఖణేల్‌మంటుంది, పచ్చిది డబ్బుమంటుంది. ప్లైవుడ్డు, రంగు వేసిన తలుపు ముక్కలు ఎంత ఊరికే దొరికినా పొయ్యిలో పెట్టకూడదు. ఆ జిగురు, ఆ రంగు కాలి వచ్చే పొగ ఊపిరికి విషం.

కట్టెల బాయిలర్ అంటే నాకు ఎంత ఇష్టమో తమ్ముడికి తెలుసు, అందుకే నన్ను అడిగాడు. మదనపల్లెలో మా అమ్మ వాడిన రాగి బాయిలర్ నడుము ఎత్తున ఉండేది. నడిమధ్య నిట్టనిలువుగా ఒక గొట్టం, అందులో నిప్పు, చుట్టూ నీళ్లు, అడుగున బూడిద రాలే జల్లెడ. పైన ఒక పక్క గరాటు, ఇంకో పక్క ముక్కు. గరాటులో చెంబెడు చన్నీళ్లు పోస్తే అవి అడుగుకు దిగి, పైనున్న వేడినీళ్లను చెంబెడు ముక్కులోంచి బయటికి తోసేవి. కొలిచినట్టు అంతకంత. కొళాయి లేదు, మోటారు లేదు, పాడయ్యే భాగమే లేదు. ఖాళీగా ఉన్నప్పుడు నిప్పు వేస్తే మాత్రం అతుకులు ఊడిపోతాయి. అందుకే అమ్మ ముందు గరాటులో నీళ్లు పోసి, ముక్కులోంచి చుక్క రాలాకనే అగ్గిపుల్ల గీసేది. నాలుగున్నరకు లేచేది. ఆమె చీర కొంగుకు ఎప్పుడూ పొగవాసన ఉండేది, శీతాకాలమంతా దగ్గు ఉండేది. ఆ దగ్గు గురించి అప్పట్లో ఇంట్లో ఎవరమూ అడగలేదు.

అందుకే తమ్ముణ్ణి నేను మొదట అడిగిన ప్రశ్న ఇది: "పొద్దున్నే నిప్పు వేసేది ఎవరు?" వాడు ఏడింటికి బయలుదేరి వైట్‌ఫీల్డు వెళ్లాలి. మరదలు కూడా ఉద్యోగస్తురాలే. "ఎవరో ఒకరం వేస్తాం" అంటే చివరికి ఆ పని ఎవరి మీద పడుతుందో మనకు తెలియనిది కాదు. వేసేవాళ్ల పేరు ముందే తేలని ఇంట్లో కట్టెల బాయిలర్ వద్దని నా గట్టి అభిప్రాయం.

ఇప్పుడు పెరట్లో నిలబెట్టి, గొట్టాలతో స్నానాల గదులకు కలిపే నూరు, రెండు వందల లీటర్ల బాయిలర్లు వస్తున్నాయి. వాటి విషయంలో ఒక్కటి మరిచిపోకూడదు. గీజరు నీళ్లు కాగగానే దానంతటదే ఆగిపోతుంది. కట్టె నిప్పు ఆగదు. నీళ్లు మరిగి ఆవిరి పుడుతుంది, ఆ ఆవిరికి బయటికి పోయే దారి ఉండి తీరాలి. బాయిలర్ పై నుంచి ఒక గొట్టం మేడ మీది ట్యాంకు నీటిమట్టం కంటే ఎత్తుకు వెళ్లి, మూత లేకుండా తెరిచి ఉండాలి. దాని మీద ఎక్కడా వాల్వు పెట్టకూడదు. ప్లంబరు "చూడటానికి బాగుండదు" అని ఆ గొట్టాన్ని కత్తిరిస్తానంటే ఒప్పుకోవద్దు. మూసిన బాయిలర్ పేలుతుంది.

ఇక సోలార్. కర్ణాటకలో 2007 నుంచి నగరాల్లో 1,200 చదరపు అడుగులు, అంతకు మించిన స్థలాల్లో కట్టే కొత్త ఇళ్లకు సోలార్ వాటర్ హీటర్ తప్పనిసరి. కాబట్టి బెంగళూరులో చాలామందికి ఇది ఎంపిక కాదు, ముందే ఉన్నది. ఉన్నందుకు సంతోషించవలసినది కూడా. జనవరి నుంచి మే దాకా ఎండకు కొదవ ఉండదు. వేడెక్కిన నీరు తేలికై తనంతట తానే పైకి వెళుతుంది, చన్నీరు కిందికి దిగుతుంది, మోటారుతో పని లేదు. చిక్కు వచ్చేది జూన్ నుంచి అక్టోబరు దాకా. వానకన్నా మబ్బు ముసురు ఎక్కువగా బాధిస్తుంది. మూడు రోజులు సూర్యుడు కనబడకపోతే నాలుగో రోజు కొళాయిలో వచ్చేవి చన్నీళ్లే.

సోలార్‌లో రెండు రకాలున్నాయి: గాజు గొట్టాలది, పలకలాంటిది. ఏది తీసుకోవాలంటే, బోరు నీళ్లయితే గాజు గొట్టాలది. బెంగళూరు బోరు నీళ్లలో సున్నం ఎక్కువ. పలకలాంటి రకంలో సన్నని రాగి గొట్టాలు తెల్లటి పెచ్చు కట్టి పూడుకుపోతాయి. గాజు గొట్టాలనైతే ఊడదీసి కడగవచ్చు. కొళాయిలో కావేరి నీళ్లు వచ్చే ఇంటికి పలక రకం ఎక్కువ కాలం నిలుస్తుంది. గాజుకు ఉన్న బలహీనత నాకు 2024 వేసవిలో తెలిసింది. ఊరంతా నీటికి అల్లాడిన ఆ మార్చిలో మా బోరు ఎండిపోయింది. రెండు రోజులు ఖాళీ గొట్టాల మీద ఎండ పడింది. మూడో రోజు మధ్యాహ్నం ఒంటిగంటకు ట్యాంకరు వచ్చింది, ఆ ఆత్రంలో వాల్వు తిప్పేశాం. మేడ మీద టపటపమని చప్పుడు. వెళ్లి చూసేసరికి నాలుగు గొట్టాలు నిలువునా పగిలి, గాజు ముక్కల మధ్య నుంచి మేము కొన్న నీళ్లు కారిపోతున్నాయి. ఖాళీ అయిన సోలార్‌లో నీళ్లు నింపాలంటే తెల్లవారుజామునో, రాత్రో నింపాలి.

సోలార్‌కు ఇంకో ఖర్చు ఉంది, అది బిల్లులో కనిపించదు. మేడ మీది నుంచి కింది స్నానాల గదికి యాభై అడుగుల ముప్పావు అంగుళం గొట్టం ఉంటే, వేడినీళ్లు వచ్చేలోగా నాలుగు లీటర్లకు పైగా చన్నీళ్లు పారబోయాలి. రోజుకు నలుగురు, వేర్వేరు సమయాల్లో. ట్యాంకరుకు డబ్బు కట్టే ఊళ్లో ఇది చిన్న విషయం కాదు. ఆ నీళ్లను బకెట్టులో పట్టి మొక్కలకు పోయండి. ఇల్లు ఇంకా కట్టుబడిలో ఉంటే స్నానాల గదులను ఒకదాని కింద ఒకటి, సోలార్ ట్యాంకుకు దగ్గరగా తెచ్చుకోండి. వేడినీళ్ల గొట్టానికి తొడుగు వేయించండి.

గీజరు గురించి ఎక్కువ చెప్పవలసింది లేదు. పదిహేను లీటర్లది, రెండు కిలోవాట్లది ఇరవై నిమిషాల్లో కాగుతుంది, స్విచ్ ఆపడం గుర్తుంటే చాలు. పైన లెక్కవేసిన ఇంటికి నెలకు అరవై, డెబ్బై యూనిట్లు. 2023లో మొదలైన కర్ణాటక ప్రభుత్వ పథకం గృహజ్యోతి కింద కరెంటు ఉచితమని అందరూ గీజరు వైపు మొగ్గుతున్నారు. కానీ ఆ ఉచితం అందరికీ 200 యూనిట్ల దాకా కాదు. మన పాత వాడకాన్ని బట్టి ఉంటుంది, 200 దాటిన నెల మొత్తం బిల్లూ మనమే కట్టాలి.

గ్యాస్ గీజరును స్నానాల గదిలో పెట్టవద్దు. ఇందులో బేరం లేదు. గాలి ఆడని చిన్న గదిలో గ్యాసు మండితే కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. స్నానానికి వెళ్లిన మనిషి తలుపు గడియ వేసుకున్న గదిలో స్పృహ తప్పితే బయటివాళ్లకు తెలిసేసరికి ఆలస్యమవుతుంది. పెట్టాలంటే బయటి గోడకు, ఆరుబయట పెట్టి గొట్టం మాత్రం లోపలికి తీసుకోండి. హీట్ పంపు గాలిలోని వేడిని తోడుకుని గీజరు కరెంటులో మూడో వంతుతో పని చేస్తుంది. అయితే ధర ఎక్కువ, ఫ్యాను చప్పుడు ఉంటుంది. పదిమంది ఉండే ఇంటికో, హాస్టలుకో నప్పుతుంది.

తమ్ముడికి చివరికి నేను చెప్పింది ఇది. మేడ మీద నూరు లీటర్ల గాజు గొట్టాల సోలార్ పెట్టించు. దాని ట్యాంకులో కరెంటు కాయిలు వద్దు, ముసురు రోజుల్లో నూరు లీటర్లూ కాచడం దండగ. బదులుగా కింది స్నానాల గదిలో పదిహేను లీటర్ల గీజరు పెట్టు. ముప్పై బై నలభై స్థలంలో, గోడకు గోడ ఆనించి ఇళ్లున్న వీధిలో అయితే ఇక్కడితో ఆపమనేదాన్ని. అక్కడ మన పొగ పక్కింటి పసిపిల్ల ఊయల మీదికే పోతుంది. నీకు వెనక ఇరవై అడుగుల పెరడుంది, ఆ వైపు ఇంకా ఇళ్లు లేవు. కాబట్టి బాయిలర్‌కు చోటు ఉంచుకో, కానీ ముసురు రోజులకే. పొగగొట్టం మీ పిట్టగోడ కంటే ఎత్తుగా లేపించు. పక్క స్థలంలో ఇల్లు లేచిన రోజున మాత్రం ఆపెయ్యి.

వాడు కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "ఆదివారాలు నేను వేస్తాను, మిగతా రోజులు సోలార్" అన్నాడు. పెరటి గోడ దగ్గర రెండు గొట్టాలు, ఆవిరికి ఒక గొట్టం వదిలిపెట్టమని ప్లంబరుకు చెప్పాడు. మదనపల్లెలో అటక మీదున్న అమ్మ బాయిలర్‌ను వచ్చే నెల తెస్తానన్నాడు. జల్లెడ తుప్పు పట్టి ఉంటుంది, అది మార్పించాలి. అతుకులు ఎలా ఉన్నాయో నీళ్లు పోసి చూడాలి.