హౌ ఇఫాన్ దారి మేలా, జు వెన్‌జున్ దారి మేలా?

చైనా చెస్ అమ్మాయిల్లో ఎవరు గొప్ప అంటే చాలామంది తడుముకోకుండా హౌ ఇఫాన్ పేరు చెప్తారు. ఆటబలం ఒక్కటే చూస్తే అందులో తప్పేమీ లేదు. 2015 మార్చిలో ఆమె రేటింగ్ 2686, చరిత్రలో ఆడవాళ్లలో అంతకు పైకి వెళ్లింది హంగేరీకి చెందిన జుడిత్ పోల్గార్ ఒక్కరే. జు వెన్‌జున్ అత్యధిక రేటింగ్ 2604. ఆ స్థాయిలో 82 పాయింట్లంటే మాటలు కాదు. అయినా కెరీర్ ఎవరిది మేలు అంటే నా ఓటు జుకే.

హౌ 14 ఏళ్ల 6 నెలలకే గ్రాండ్‌మాస్టర్ అయింది, అంతకుముందు ఆడవాళ్లలో ఆ రికార్డు మన కోనేరు హంపిది. 2010లో, 16 ఏళ్లకే ఆడవాళ్ల ప్రపంచ ఛాంపియన్. మరుసటి ఏడాది అల్బేనియా రాజధాని టిరానాలో కిరీటం కోసం ఆడినప్పుడు ఎదురుగా కూర్చున్నది హంపినే, పది గేముల మ్యాచ్ ఎనిమిదికే అయిపోయింది, 5.5-2.5, హంపికి ఒక్క గెలుపు కూడా దక్కలేదు (మనవాళ్లకి ఇప్పటికీ మింగుడుపడని స్కోరు).

మ్యాచ్ పెడితే హౌకి తిరుగులేదు. గొడవంతా నాకౌట్‌తోనే. అప్పట్లో కిరీటం కోసం ఒకసారి ఇద్దరి మధ్య మ్యాచ్, ఇంకోసారి 64 మందితో నాకౌట్, అందులో ఛాంపియన్ కూడా అందరితో పాటు మొదటి రౌండ్ నుంచి ఆడాల్సిందే, రెండు గేముల్లో తేలకపోతే తక్కువ టైమ్‌లో ఆడే ర్యాపిడ్ గేములతో టైబ్రేక్, ఒక్కరోజు తేడా కొట్టిందా, కిరీటం గోవిందా. 2012లో రష్యాలోని ఖాంతీ-మాన్సిస్క్‌లో రెండో రౌండ్‌లోనే అలా పోయింది. 2013లోనూ 2016లోనూ మ్యాచ్‌లు గెలిచి మళ్లీ తెచ్చుకుంది, తర్వాత ఈ పద్ధతి నచ్చక ఆ పోటీల నుంచే తప్పుకుంది.

ఆమె కోపం ఎలా ఉంటుందో 2017లో, మగాళ్లూ ఆడవాళ్లూ కలిసి ఆడే జిబ్రాల్టర్ టోర్నీలో అందరూ చూశారు. పది రౌండ్లలో ఏడుసార్లు ఆడవాళ్లతోనే జత పడింది. చివరి రౌండ్‌లో ఎదురుగా విజయవాడ కుర్రాడు లలిత్ బాబు. తెల్లపావులతో హౌ రాజు వైపు గుర్రం ముందున్న బంటుని రెండు గళ్లు తోసింది, తర్వాత దాని పక్క బంటుని కదిపింది, నిన్నగాక మొన్న ఆట నేర్చుకున్న పిల్లలు చేసే పని. నల్ల క్వీన్ వచ్చి చెక్ చెప్పింది, నాలుగో ఎత్తుకే తెల్ల రాజు ముందుకు నడవాల్సి వచ్చింది, ఐదు ఎత్తులు అయ్యేసరికి రిజైన్. నిరసన సరే, పాపం లలిత్ ఏం చేశాడు? అదే ఏడాది స్విట్జర్లాండ్‌లోని బీల్‌లో మిగతా తొమ్మిది మందీ మగాళ్లే అయిన టోర్నీని గెలిచి పారేసింది. ఆ తర్వాత ఆక్స్‌ఫర్డ్‌లో చదువు, 26 ఏళ్లకి షెన్‌జెన్ యూనివర్సిటీలో ప్రొఫెసర్. ఆట తగ్గిపోయింది.

ఇక జు. షాంఘై అమ్మాయి, హౌ కంటే మూడేళ్లు పెద్ద, గ్రాండ్‌మాస్టర్ అయింది మాత్రం 2014లో. 2018 మేలో అప్పటి ఛాంపియన్, చైనాకే చెందిన టాన్ జోంగ్‌యీని ఓడించి కిరీటం గెలిచింది. ఆర్నెల్లు తిరక్కముందే మళ్లీ నాకౌట్, అదీ హౌ కిరీటం పోయిన అదే ఖాంతీ-మాన్సిస్క్‌లో. జు పేచీ పెట్టకుండా ఆడి, అదీ గెలిచింది.

దాని తర్వాత ప్రపంచ చెస్ సమాఖ్య ఫిడే, టైటిల్ కోసం నాకౌట్ పెట్టడం మానేసింది, ఛాంపియన్‌తో ఎవరు ఆడాలో తేల్చే క్యాండిడేట్స్ టోర్నీ, తర్వాత మ్యాచ్ అనే పద్ధతి తెచ్చింది. అంటే హౌ ఎత్తిచూపిన లోపం నిజమే, కానీ అది సరయ్యేసరికి ఆమె లేదు, ఆ ఫలితం జుకి దక్కింది. ఊరికే దక్కిందనుకుంటే పొరపాటు. 2020లో రష్యా అమ్మాయి గోర్యాచ్కినా చివరి గేమ్ గెలిచి 6-6 చేసింది, అంత టెన్షన్‌లోనూ జు టైబ్రేక్ కొట్టింది. 2023లో లే టింగ్‌జియే మీద వెనకబడి, పన్నెండో గేమ్‌లో గెలిచింది. 2025లో మళ్లీ టాన్, రెండో గేమ్ ఓడిపోయి, తర్వాత ఒక దశలో వరుసగా నాలుగు గెలిచి 6.5-2.5తో ముగించింది. మొత్తం ఐదు టైటిళ్లు, హౌవి నాలుగు.

జు మగాళ్లతో ఆడలేదు కదా అనేవాళ్లకి, 2024లో నెదర్లాండ్స్‌లోని వైక్ ఆన్ జీ టోర్నీలో, ప్రపంచంలోని మేటి ఆటగాళ్లలో ఒకడైన ఫిరూజా ఆమె చేతిలోనే ఓడాడు. అదే ఏడాది చివర్లో న్యూయార్క్‌లో హంపి ఆడవాళ్ల ర్యాపిడ్ ప్రపంచ టైటిల్ గెలిస్తే, అంతకంటే వేగంగా ఆడే బ్లిట్జ్‌లో జు గెలిచింది.

హౌ చేసినట్టు కిరీటం వదిలేసి బతికి బట్టకట్టాలంటే 2686 రేటింగ్, చేతిలో ఆమెని ఆక్స్‌ఫర్డ్‌లో చదివించిన రోడ్స్ స్కాలర్‌షిప్ ఉండాలి. చెస్ మీదే బతకాలనుకునే అమ్మాయికి పనికొచ్చేది జు దారే. వీళ్లిద్దరికీ టైటిల్ మ్యాచ్ పడలేదన్నదొక్కటే నా బాధ, 2016 నాటి హౌతో అది పడి ఉంటే పందెం మాత్రం హౌ మీదే కాసేవాణ్ని.