తాతగారి గోడ గడియారం: పాత మెషీనే బాగుచేయించాలా, సెల్లు మెషీన్ బిగించాలా?

ఊళ్లో పాత ఇల్లు సర్దినవాళ్లంతా నన్ను అడిగే ప్రశ్న ఇదే. తాతగారి లోలకం గడియారం దొరికింది, ఆగిపోయి ఏళ్లయింది, షాపులో చూపిస్తే "ఈ మెషీన్ పనికిరాదు, సెల్లుది పెట్టేద్దాం" అన్నారు, ఏం చేయమంటారు అని. నా ఓటు పాత మెషీన్‌కే. కాకపోతే ఒక షరతుంది.

ముందు అది ఎవరు చేసిన గడియారమో చూడండి. డయల్ మీద పేరును పూర్తిగా నమ్మొద్దు. అప్పట్లో అమ్మిన దుకాణం కూడా తన పేరు డయల్ మీద వేయించుకునేది. అసలు గుర్తు లోపలి ఇత్తడి ప్లేటు మీద ఉంటుంది. వృత్తంలో చదరం, చదరంలో ఇంగ్లిష్ 'ఏ' అక్షరం కనిపిస్తే అది అమెరికా అన్సోనియా. ఆ కంపెనీ యంత్రాలు 1929-30లో సోవియట్ రష్యాకు తరలిపోయాయి కాబట్టి మీ గడియారం వయసు తొంభై దాటినట్టే. ఎనిమిది కోణాల నక్షత్రంలో 'జె' ఉంటే జర్మనీ యుంగ్‌హాన్స్. సెయికోషా అని ఉంటే జపాన్‌ది, 1892లో కింటారో హట్టోరి పెట్టిన ఫ్యాక్టరీ, ఇప్పటి సీకోకి పుట్టిల్లు.

రెండో పని, గడియారాన్ని నిటారుగా తగిలించి వినడం. టిక్కుకీ టాక్కుకీ మధ్య ఎడం సమానంగా లేకపోతే ఏ లోలకం గడియారమైనా కాసేపటికి ఆగిపోతుంది. పెట్టె అడుగుభాగాన్ని కొంచెం అటూ ఇటూ జరిపి, చప్పుడు సమానమైన చోట వదిలి చూడండి. దాంతోనే నడిస్తే ఇక షాపుకి వెళ్లే పనే లేదు.

అప్పటికీ నడవకపోతే అసలు విషయంలోకి రావాలి. నా లెక్కలో నిర్ణయం మొత్తం ఇరుసు బెజ్జాల మీదే ఆధారపడి ఉంటుంది. చక్రాల ఇరుసులు ఉక్కువి, అవి తిరిగే బెజ్జాలు ఇత్తడి ప్లేటులోవి. పాత నూనెలో దుమ్ము కలిసి, ఆ నల్లటి ముద్ద ఏళ్ల తరబడి ఇత్తడిని అరగదీస్తుంది. గుండ్రటి బెజ్జం ఒక పక్కకి సాగి కోడిగుడ్డులా తయారవుతుంది. చక్రం పక్కకి ఒరిగి, పళ్లు సరిగ్గా పట్టుకోక, బలమంతా మధ్యలోనే పోతుంది. "కీ ఇస్తే పది నిమిషాలు నడిచి ఆగిపోతోంది" అనే గడియారాల్లో నేను ముందు అనుమానించేది దీన్నే.

దీనికి సరైన వైద్యం ఒకటే. మెషీన్ మొత్తం విప్పి, అరిగిన బెజ్జాన్ని పెద్దది చేసి, అందులో కొత్త ఇత్తడి బుష్ (చిన్న గొట్టం లాంటి తొడుగు) దిగ్గొట్టి, ఇరుసుకి సరిపోయేలా సాపు చేయాలి. ఓపిక ఉన్న పని. కొందరు అది చేయకుండా బెజ్జం చుట్టూ పంచ్‌తో నాలుగు దెబ్బలు వేసి లోహాన్ని లోపలికి నొక్కుతారు. గడియారం నడుస్తుంది, డబ్బులిచ్చి ఇంటికి తెచ్చుకుంటాం, కొంతకాలానికి మళ్లీ ఆగుతుంది. ఈసారి ప్లేటు మీద గాట్లు మిగులుతాయి. విప్పకుండా కిరోసిన్‌లో ముంచి నూనె కొట్టడం కూడా అలాంటి రిపేరే. అందుకే నా షరతు: "బుష్‌లు వేస్తారా?" అని మెకానిక్‌ని అడగండి. వేస్తానని, ఆయన ముందు చేసిన మెషీన్ ఒకటి చూపించగలిగితే కళ్లు మూసుకుని ఇవ్వొచ్చు. ఖర్చు వేలల్లో అవుతుంది, అయినా నేను ఇచ్చేస్తాను.

మీరు మాత్రం విప్పొద్దు. ఈ అమెరికా మెషీన్లలో చాలావాటికి స్ప్రింగ్ డబ్బాలో ఉండదు, బయటికే చుట్టి ఉంటుంది. దాని బిగువు వదలకుండా ప్లేటు ఊడదీస్తే వేళ్లు తెగుతాయి.

సెల్లు మెషీన్ వైపు చెప్పాల్సింది కూడా ఉంది. కొన్ని వందల్లో పనైపోతుంది, టైమ్ కచ్చితంగా చూపిస్తుంది, వారం వారం కీ ఇచ్చే బాధ ఉండదు. బాగా సర్దిన పాత గడియారం కూడా వారానికి ఒకట్రెండు నిమిషాలు తేడా వస్తుంది, ఎండాకాలం లోలకం కడ్డీ సాగి ఇంకాస్త నెమ్మదిస్తుంది. ఇంట్లో పెద్దవాళ్లకి టైమ్ చూసుకోవడమే ముఖ్యమైతే నేను కాదనను.

కానీ ఏం పోతుందో దగ్గరగా చూడండి. పాత పెద్ద ముల్లుకి సాధారణంగా నలుచదరపు బెజ్జం ఉంటుంది, కొత్త మెషీన్ కడ్డీకి అది పట్టదు. నగిషీ చెక్కిన ముళ్లు పోయి రేకు ముళ్లు వస్తాయి. బరువైన ఇత్తడి లోలకాన్ని ఆ చిన్న మెషీన్ ఊపలేదు, దాని బదులు తేలికపాటిది వేలాడదీస్తారు. తీగచుట్ట మీద సుత్తి కొట్టే గంట మూగబోతుంది. ఇంట్లోవాళ్లకి గుర్తున్నది ఆ గంటే కదా!

వేరే పాత మెషీన్ తెచ్చి ఇదే పెట్టెలో బిగించడం నాకు నచ్చదు, అది వేరొకరి గడియారం అవుతుంది. అమ్మేయాలనుకుంటే ఏమీ మార్చకుండా అమ్మండి. మంచి మెకానిక్ దొరక్కపోతే తొందరేమీ లేదు, కీ ఇవ్వకుండా, నూనె పోయకుండా అలాగే ఉంచొచ్చు. ఇక సెల్లుదే తప్పదనుకుంటే, డయల్ బెజ్జం పెద్దది చేయనివ్వకండి. పాత మెషీన్, ముళ్లు, లోలకం, తీగచుట్ట, కీ అన్నీ డబ్బాలో పెట్టించి మీతోనే తెచ్చుకోండి. "ఇనుప సామాను, ఎందుకండీ?" అని షాపులో అన్నా వదిలేసి రావొద్దు.