టెలిస్కోప్‌తో ఉచితంగా వచ్చే ఫోన్ హోల్డర్‌ని నమ్మకండి

టెలిస్కోప్ కొంటే ఫోన్ హోల్డర్ ఉచితం అని కనిపించగానే వెనకాముందూ చూడకుండా ఆర్డర్ పెట్టేశాను. మూడు వారాలు తిరిగేసరికి నా దగ్గర మిగిలింది పగిలిన ఫోన్ స్క్రీన్, మసకగా ఉన్న ఓ ఏడెనిమిది చంద్రుడి ఫొటోలు. ఇలాంటి సెట్ కొనాలని చూస్తున్నవాళ్లు డబ్బు కట్టే ముందు ఇది ఒకసారి చదవండి.

పెట్టె మీద పెద్ద అక్షరాలతో ‘525 రెట్లు’ అని ఉంది, చుట్టూ రంగురంగుల నెబ్యులాలు, అంటే అంతరిక్షంలోని వాయు మేఘాలు. ఆ బొమ్మలకీ లోపలున్న గొట్టానికీ ఏ సంబంధమూ లేదు. 525 మాత్రం అబద్ధం కాదు, ఒళ్లు మండేది అందుకే. గొట్టం ఫోకల్ లెంగ్త్, అంటే ముందు లెన్స్ నుంచి బొమ్మ ఏర్పడే చోటికి దూరం, 700 మి.మీ. కన్ను పెట్టి చూసే చిన్న లెన్స్‌ని ఐపీస్ అంటారు, వచ్చినవాటిలో అన్నిటికన్నా చిన్నదాని ఫోకల్ లెంగ్త్ 4 మి.మీ. భాగిస్తే 175. దానికి బొమ్మని ఇంకో 3 రెట్లు పెంచే బార్లో లెన్స్ తగిలిస్తే 525. లెక్క సరిగ్గానే ఉంది. కానీ ముందున్న లెన్స్ వెడల్పు 60 మి.మీ. మాత్రమే. ఆ వెడల్పులో ఒక్కో మి.మీ.కి రెండు రెట్లు దాటితే కొత్తగా కనిపించేదేమీ ఉండదని ఇందులో ఆరితేరినవాళ్లందరూ చెబుతారు. అంటే 120 దగ్గర ఆగిపోవాలి. ఆపైన బొమ్మ పెద్దదవుతుంది, మసకా చీకటీ పెరుగుతాయి, అంతే. భూమి తిరుగుతూనే ఉంటుంది కదా, 525 దగ్గర గురుగ్రహం ఇరవై సెకన్లు అటూ ఇటుగా ఫ్రేమ్ దాటి వెళ్లిపోతుంది. ఈలోగా ఫోన్ ఎక్కడ బిగిస్తాం?

అసలు దెబ్బ కొట్టింది హోల్డర్. ఫోన్ కెమెరా సరిగ్గా ఐపీస్ మధ్యలోకి, మన కన్ను ఉండాల్సిన చోటికే రావాలి. కొద్దిగా పక్కకి జరిగినా తెర మీద నల్లటి నీడ పడుతుంది. నా ఫోన్‌లో కెమెరాలు ఒక మూలన ఉన్నాయి. వాటిని ఐపీస్ మీదికి తెస్తే హోల్డర్ పట్టు సరిగ్గా పవర్ బటన్ మీదికి వచ్చేది. గట్టిగా బిగిస్తే స్క్రీన్ ఆగిపోతుంది, వదులు చేస్తే ఫోన్ జారుతుంది. ఇది చాలదన్నట్టు, జూమ్ చేస్తుంటే ఫోన్ దానంతటదే ఇంకో కెమెరాకి మారిపోయేది. బొమ్మ మాయం!

రెండో సమస్య ఐపీస్ లావు. ఈ సెట్‌లో ఇచ్చినవి 24.5 మి.మీ. లావున్న ఐపీస్‌లు. ఇప్పుడు ఎక్కువగా వాడేవి 31.7 మి.మీ.వి. వాటికోసం చేసిన హోల్డర్‌నే ఇందులోనూ పడేశారు. ఎంత తిప్పినా పట్టు దొరకలేదు. రబ్బరు బ్యాండ్ నాలుగు చుట్లు చుట్టి సర్దుకున్నాను. నా బుద్ధితక్కువ, ఒప్పుకుంటాను.

అష్టమి దాటిన మర్నాడు రాత్రి. చంద్రుడి మీద వెలుగూ చీకటీ కలిసే గీత దగ్గర టోలెమేయస్ అనే పెద్ద గుంట, దాని కింద ఇంకో రెండు గుంటలు వరసగా, అంచుల నీడలతో సహా ఫోన్‌లో కనిపించాయి. ఊపిరి బిగబట్టి బటన్ మీద వేలు పెట్టాను. ఐపీస్‌ని పట్టుకుని ఉండేది గోరంత ప్లాస్టిక్ స్క్రూ. రెండు వందల గ్రాముల ఫోన్‌ని అది ఆపలేకపోయింది. ఐపీస్, హోల్డర్, ఫోన్ మూడూ కలిసే గచ్చు మీద పడ్డాయి.

అమ్మినవాళ్లని అడిగితే, పెట్టె ఫొటో పంపమని మూడుసార్లు అడిగి, చివరికి ‘తెరిచిన సరుకు వెనక్కి తీసుకోం, ఫోన్‌తో మాకు సంబంధం లేదు’ అన్నారు.

పోయింది ఫోనే కదా అని ఊరుకునేవాణ్నేమో, కానీ పెట్టె అడుగున ఇంకోటి దొరికింది. ఐపీస్‌కి బిగించే చిన్న నల్ల గాజుబిళ్ల, సూర్యుణ్ని చూడటానికట. దాన్ని పొరపాటున కూడా వాడకండి. ముందు లెన్స్ పోగేసిన ఎండంతా ఆ బిళ్ల దగ్గరికే చేరుతుంది. వేడికి అది చిట్లితే కన్ను పోవడానికి క్షణం పట్టదు. సూర్యుడి ఫిల్టర్ అంటే గొట్టం ముందు, లెన్స్‌ని మొత్తం కప్పేలా ఉండాలి. నేనైతే ఆ బిళ్లని సుత్తితో పగలగొట్టి పారేశాను, పిల్లల చేతికి దొరక్కూడదని.

కొనేవాళ్లు ఐపీస్ లావు ఎన్ని మి.మీ., హోల్డర్ ఎంత సన్నని దాన్ని పట్టుకుంటుంది, మీ ఫోన్ బటన్లు ఎక్కడున్నాయి అన్నవి ముందే చూసుకోండి. మూడు వైపులా జరిపే స్క్రూలున్న లోహపు హోల్డర్ విడిగా కొనుక్కోవడమే మేలు. ఇప్పటికే ఇలాంటి సెట్ కొనేసి ఉంటే 4 మి.మీ. ఐపీస్‌ని, బార్లో లెన్స్‌ని పక్కన పెట్టి 20 మి.మీ. ఐపీస్ వాడండి. 35 రెట్లలో చంద్రుడు మొత్తం హాయిగా పడతాడు. తెర మీద చంద్రుణ్ని వేలితో నొక్కి పట్టుకుంటే చాలా ఫోన్లలో ఫోకస్, వెలుతురు లాక్ అవుతాయి. అప్పుడు వెలుతురు కాస్త తగ్గించి, టైమర్ పెట్టి చేయి తీసేయండి. ఫోన్ కేస్‌కి ఒక తాడు కట్టి ట్రైపాడ్‌కి ముడేయడం మాత్రం మర్చిపోకండి.