సమాజాన్ని సిమ్యులేట్ చేయడానికి రూల్స్ ఏజెంట్లు సరిపోతాయా, మనసున్న ఏజెంట్లు కావాలా?

కంప్యూటర్‌లో ఒక సమాజాన్ని నడిపించి చూడాలనుకునేవాళ్లకి మొదట్లోనే ఎదురయ్యే పేచీ ఇది: లోపల తిరిగే ఉత్తుత్తి మనుషులకి, అంటే ఏజెంట్లకి, ఎంత బుర్ర పెట్టాలి?

తక్కువ చాలు అనేవాళ్లు ఆర్థికవేత్త థామస్ షెల్లింగ్ 1971 మోడల్‌ని చూపిస్తారు. గళ్ల బోర్డు, రెండు రకాల నాణేలు. చుట్టూ తనలాంటివి మూడో వంతు కూడా లేకపోతే ఆ నాణెం ఖాళీ గడికి మారుతుంది, అంతే. దేనికీ పక్కదాని మీద పెద్ద ద్వేషం లేదు, అయినా కాసేపటికి బోర్డంతా వేర్వేరు పేటలుగా విడిపోతుంది. ఎందుకలా అయిందో వేలుపెట్టి చూపించొచ్చు. ఈ నాణేలకి జ్ఞాపకశక్తి పెట్టినా మనకి కొత్తగా తెలిసేది దాదాపు ఏమీ ఉండదు.

పుకారు సంగతి వేరు. మరీ సాదా మోడల్‌లో ఒకసారి విన్నవాడు నమ్మేసి ఇక చెప్పుకుంటూ పోతాడు. అదే యాక్ట్-ఆర్ లాంటి కాగ్నిటివ్ ఆర్కిటెక్చర్‌లో, అంటే మనిషి మనసు పనిచేసే తీరుని అనుకరించే ప్రోగ్రాంలో, ఒక విషయం గుర్తుకి రావడం అన్నది ఎన్నిసార్లు విన్నాడు, చివరిగా ఎప్పుడు విన్నాడు అన్నదాని మీద ఆధారపడుతుంది. ఒక్కసారి విన్నది త్వరగా చెరిగిపోతుంది, ముగ్గురి నోట విన్నది నిలుస్తుంది. దాంతో పుకారు ఎక్కడ చచ్చిపోతుందో, ఎక్కడ రాజుకుంటుందో మొత్తం మారిపోవచ్చు. క్లారియన్ అనే మరో అలాంటి ఆర్కిటెక్చర్ తయారుచేసిన రాన్ సన్, సమాజాన్ని సిమ్యులేట్ చేసేవాళ్లు, మనసుని మోడల్ చేసేవాళ్లు అనే ఈ రెండు శిబిరాలనీ కలపమని ఎన్నాళ్లుగానో పోరుతున్నది ఇందుకే. చిక్కల్లా ఏంటంటే, ఇలాంటి బుర్రలు వేలల్లో నడిపితే మెషిన్ మూలుగుతుంది, పైగా సర్దాల్సిన పారామీటర్లు ఎన్నో కాబట్టి ఫలితం దేనివల్ల వచ్చిందో తేల్చడం పెద్ద తలనొప్పి.

ఇక చాట్‌జీపీటీ లాంటి లాంగ్వేజ్ మోడల్‌తో మాట్లాడే ఏజెంట్లు. 2023లో స్టాన్‌ఫర్డ్, గూగుల్ పరిశోధకులు అలాంటి 25 మంది ఏజెంట్లతో కంప్యూటర్‌లో ఓ చిన్న ఊరు కట్టి, ఒకరికి వాలెంటైన్స్ డే పార్టీ ఆలోచన ఇస్తే, పిలుపులు వాటంతటవే పాకాయి, పిలిచిన 12 మందిలో అయిదుగురు వచ్చారు. చూడ్డానికి భలే ముచ్చటగా ఉంటుంది గానీ, మిగతా ఏడుగురు ఎందుకు రాలేదో అడిగితే వాళ్లు చెప్పే సాకు అసలు కారణమేనని ఎలా నమ్మడం?

నా ఓటు నాణేలకే, కాకపోతే మరుపు సూత్రాన్ని మాత్రం యాక్ట్-ఆర్ నుంచి అరువు తెచ్చుకుంటా, ఎలాగూ అది ఒక్క లైను లెక్క. ఆ లైను తీసేసి మళ్లీ రన్ చేస్తా. పుకారు అదే దారిన, అంతే వేగంగా పాకితే ఆ లైను ఇక తిరిగి పెట్టను.