ఏసీఎల్ తెగితే ఏది మేలు: వెంటనే ఆపరేషనా, మూడు నెలలు వ్యాయామం చేసి చూడటమా?

కబడ్డీలో కూతకు వెళ్లిన కుర్రాడు కాలి పట్టు విడిపించుకోబోతూ గిర్రున తిరుగుతాడు. పాదం మట్టిలో నాటుకునే ఉంటుంది, ఒళ్లు మాత్రం తిరిగిపోతుంది. మోకాట్లో టప్పుమని శబ్దం. రెండు మూడు గంటలు గడవకముందే మోకాలు బూరెలా ఉబ్బుతుంది. బైకు ఒరిగినప్పుడు కాలు ఆనించి మెలితిప్పుకున్నవాళ్లకూ, షటిల్లో ఎగిరి ఒంటికాలి మీద దిగినవాళ్లకూ జరిగేది ఇదే. మర్నాడు ఎంఆర్ఐ, సాయంత్రానికి ‘ఏసీఎల్ పూర్తిగా తెగింది’ అని రిపోర్టు, ఆ వారంలోనే ఆపరేషన్ తేదీ. ఇంత తొందర చాలామందికి మేలు చేయదు. కొద్దిమందికి మాత్రం ఆలస్యమే చేటు. మన మోకాలు ఏ కోవలోదో ముందు తేల్చుకోవాలి.

ఏసీఎల్ అనేది తొడ ఎముకకూ కాలి ఎముకకూ మధ్య, కీలు లోపల ఏటవాలుగా సాగే మూడు సెంటీమీటర్ల పైచిలుకు లిగమెంటు, అంటే ఎముకను ఎముకకు కట్టి ఉంచే గట్టి పట్టీ. కాలి ఎముక ముందుకు జారకుండా, మోకాలు మెలి తిరగకుండా పట్టి ఉంచుతుంది. తిన్నగా నడిచేటప్పుడు దీనిమీద పెద్దగా భారం పడదు. అందుకే నెల తిరిగేసరికి చాలామంది మామూలుగా నడిచేస్తారు, తగ్గిపోయిందనుకుంటారు. పరుగు మధ్యలో పక్కకు తిరిగినప్పుడో, మెట్లు దిగుతూ ఎవరో పిలిస్తే వెనక్కి మళ్లినప్పుడో లోటు బయటపడుతుంది. మోకాలు ఒక్క క్షణం తప్పి, మళ్లీ దారిలోకి వస్తుంది. నిర్ణయానికి రిపోర్టులోని మాట కంటే ఈ ‘తప్పడం’ ముఖ్యం.

ఆగకూడని మోకాళ్లు

ఈ కింది వాటిలో ఏదైనా ఉంటే వ్యాయామమా ఆపరేషనా అన్న చర్చ పక్కన పెట్టాలి.

దెబ్బకు మోకాలు పక్కకు తొలగి, ఒకటికి మించి లిగమెంట్లు తెగి, పాదం చల్లబడితే అది అత్యవసరం. మోకాలి వెనక రక్తనాళం దెబ్బతిని ఉండొచ్చు. ఆరెనిమిది గంటలు దాటితే కాలు దక్కడమే కష్టం. తొలగిన కీలు దానంతటదే సర్దుకుని చూపుకి మామూలుగా కనిపించినా, పాదం మీద నాడి చూపించుకోకుండా ఇంటికి రాకూడదు.

వెల్లకిలా పడుకుని కాలు చాపి పైకి లేపలేకపోతే మోకాటి చిప్ప విరిగిందేమో, చిప్పకు పైనో కిందో ఉన్న టెండన్ (కండరాన్ని ఎముకకు కలిపే తాడు) తెగిందేమో చూడాలి. టెండన్ పూర్తిగా తెగితే రెండు వారాల లోపు కుట్టించుకోవడం మంచిది. ఆలస్యమైతే అది ముడుచుకుపోతుంది.

మోకాలు ఒక కోణంలో పట్టేసి, లోపల ఏదో అడ్డం పెట్టినట్టు చాపుకోనివ్వకపోతే మెనిస్కస్ (మోకాలి ఎముకల మధ్య మెత్తలా ఉండే నెలవంక ఆకారపు పొర) చీలి కీలు మధ్యకు మడత పడి ఉండొచ్చు. వారాలు గడిచేకొద్దీ అది నలిగి, కుట్టడానికి పనికిరాకుండా పోతుంది. నొప్పికి బిగుసుకుని చాపలేకపోవడం వేరు. అది వారం పది రోజుల్లో సడలుతుంది. ఈ రెంటినీ విడదీసి చెప్పడానికి ఎంఆర్ఐ బాగా పనికొస్తుంది.

పిల్లల్లో ఒక్కోసారి లిగమెంటు తెగే బదులు అది అంటుకున్న ఎముక ముక్కే ఊడి వస్తుంది. ముక్క పైకి లేస్తే బిగించాలి. ఇది మామూలు ఎక్స్‌రేలోనే కనిపిస్తుంది కాబట్టి ఎంఆర్ఐకి ముందు ఎక్స్‌రే మానకూడదు.

రెండు దారులు, మూడు పరీక్షలు

పైవేవీ లేకుండా ఏసీఎల్ ఒక్కటే తెగినప్పుడు రెండు దారులున్నాయి. ఒకటి, వాపు తగ్గగానే కొత్త లిగమెంటు వేయించుకోవడం. రెండోది, పద్ధతిగా వ్యాయామం చేసి, అప్పటికీ మోకాలు తప్పుతుంటే ఆపరేషన్‌కు వెళ్లడం. వీటిని పక్కపక్కన పెట్టి చూసిన మంచి పరీక్షలు మూడున్నాయి.

స్వీడన్ పరీక్ష ఫలితాలు 2010లో వచ్చాయి. చురుగ్గా ఆడే 121 మంది యువకులను రెండు గుంపులు చేశారు. రెండేళ్లకూ, మళ్లీ ఐదేళ్లకూ చూస్తే నొప్పిలో, ఆటలో, రోజువారీ పనిలో రెండు గుంపులకీ చెప్పుకోదగ్గ తేడా లేదు. వ్యాయామంతో మొదలుపెట్టిన 59 మందిలో రెండేళ్లలో 23 మంది, ఐదేళ్లలో 30 మంది ఆపరేషన్ చేయించుకున్నారు. అంటే దాదాపు సగం మందికి కత్తి అవసరమే పడలేదు.

నెదర్లాండ్స్‌లో 167 మందితో చేసిన పరీక్ష 2021లో వచ్చింది. రెండేళ్ల తర్వాత చూస్తే, మొదట్లోనే ఆపరేషన్ అయినవాళ్ల మోకాలి పనితీరు స్కోరు కాస్త మెరుగు: నూటికి 84.7, రెండోవాళ్లది 79.4. ఇక్కడా వ్యాయామం గుంపులో సగం మంది ఆపరేషన్ దాకా వెళ్లలేదు.

బ్రిటన్ పరీక్ష 2022 నాటిది, 316 మందితో. వీళ్లవి తాజా గాయాలు కావు, మొదటి దశ దాటిపోయాక కూడా పట్టు తప్పుతున్న మోకాళ్లు. ఏడాదిన్నరకు ఆపరేషన్ గుంపు స్కోరు 73, వ్యాయామం గుంపుది 64.6. వ్యాయామానికి కేటాయించినవాళ్లలో నూటికి 41 మంది చివరికి ఆపరేషన్‌కే వెళ్లారు.

ఈ మూడూ కలిపి చదివితే ఒకదానికొకటి ఎదురు కావు. తాజా గాయంలో మూడు నెలలు వ్యాయామం చేసి చూస్తే చాలామందికి పోయేదేమీ ఉండదు. నెలలు గడిచినా మోకాలు తప్పుతూనే ఉంటే ఇంకా వ్యాయామమే చేస్తూ కూర్చోవడం దండగ, ఆపరేషనే మేలు.

ఎవరికి ఏది

కబడ్డీ, ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్ లాంటి ఆటలకు తిరిగి వెళ్లి తీరాలనుకునే ఇరవై ఏళ్ల లోపువాళ్లకు ముందే ఆపరేషన్ వైపు మొగ్గాలి. వీళ్లు ఊరికే ఉండలేరు, తప్పే మోకాలితోనే ఆడేస్తారు. తప్పిన ప్రతిసారీ మెనిస్కస్‌కూ గుజ్జుకూ దెబ్బ తగిలే ప్రమాదముంది. కుట్టడానికి వీలైన మెనిస్కస్ చీలిక కూడా ఉన్నవాళ్లు ఏ వయసు వారైనా ఈ కోవలోకే వస్తారు. తాటిచెట్టు ఎక్కే గీత కార్మికుడు, కరెంటు స్తంభమెక్కే లైన్‌మన్, పరంజా మీద పనిచేసే మేస్త్రీ కూడా అంతే. కాలు ఒక్కసారి తప్పితే ప్రాణం మీదికి వచ్చే పనులవి.

ఆఫీసు పని, నడక, సైకిలు, ఈత, జిమ్ముతో సరిపెట్టుకునేవాళ్లు, నలభై దాటినవాళ్లు, లిగమెంటు కొంతే తెగినవాళ్లు ముందు వ్యాయామం చేసి చూడటం సబబు. రైతు సంగతి మధ్యస్థం. చదును నేల మీద ఇబ్బంది లేకపోయినా తడిసిన గట్టు మీద, దమ్ము చేసిన మడిలో మోకాలు నిలుస్తోందా అన్నది చూసుకోవాలి.

ఆపరేషన్ చేయించుకుంటే ముందు ముందు కీలు అరగదన్న హామీ ఎవరూ ఇవ్వలేరు. ఆ ఒక్క భయంతో ఒప్పుకోనక్కర్లేదు.

మొదటి ఆరు వారాలు ఎటు వెళ్లినా ఒకటే

ఇది చాలామందికి ఎవరూ చెప్పరు. ఆపరేషన్ ఖాయమైనా కాకపోయినా ముందు వాపు దించాలి, మోకాలు పూర్తిగా చాపగలగాలి, తొడ ముందు కండరాన్ని మేల్కొల్పాలి. కాబట్టి నిర్ణయం తేలేదాకా ఖాళీగా కూర్చోకుండా ఇవి మొదలుపెట్టేయొచ్చు, మెనిస్కస్ అడ్డుపడలేదనీ ఎముక విరగలేదనీ డాక్టరు చెప్పాక.

మడమ కింద చుట్టిన టవలు పెట్టి, మోకాలి కింద ఏ ఆసరా లేకుండా పది నిమిషాలు వదిలేయాలి. తర్వాత మోకాలిని మంచానికి అదుముతున్నట్టు తొడ బిగించి పది లెక్కపెట్టి వదలాలి. ఇలా పదిసార్లు, రోజుకు నాలుగైదు విడతలు. చిప్ప తొడ వైపు కదులుతూ కనిపించాలి. కదలకపోతే కండరం ఇంకా పలకలేదని అర్థం. ఆపైన మడమను పిరుదు వైపు జార్చి మోకాలు వంచడం, కాలు చాపి లేపడం. మూడో వారం నుంచి గోడకు ఆని సగం గుంజీలు, మోకాలు సుమారు 110 డిగ్రీలు వంగాక సైకిలు, ఒంటికాలి మీద నిలకడ. ఆరో వారం దాటాక బరువులతో ఒంటికాలి వ్యాయామాలు, ఆ తర్వాతే గెంతులు. మర్నాడు పొద్దున వాపు పెరిగితే ముందురోజు మోతాదు ఎక్కువైందన్నమాట, సగానికి తగ్గించాలి.

ఇక్కడ పని చెడగొట్టేవి మూడు. మొదటిది, హాయిగా ఉందని మోకాలి కింద దిండు పెట్టుకుని పడుకోవడం. నాలుగు వారాల్లో మోకాలు ఆ వంపులోనే బిగుసుకుపోతుంది. రెండోది, మొదటి మూడు నాలుగు రోజుల్లో కాపడం, మర్దన. లోపల కారిన రక్తం ఇంకా పెరుగుతుంది. మూడోది కట్టు. పుత్తూరు కట్టుకి మన దగ్గర తరతరాల పేరుంది, అది విరిగిన ఎముకకు సంబంధించింది. ఏసీఎల్ కీలు ద్రవంలో మునిగి ఉంటుంది, తెగిన చివరల మధ్య రక్తం గడ్డకట్టి నిలవదు. బయటి కట్టు దాన్ని దగ్గరకు చేర్చలేదు. నెలరోజులు కదలకుండా ఉంచితే తొడ కరిగిపోవడం మాత్రం ఖాయం. ఆస్ట్రేలియాలో గాయమైన కొత్తలోనే మోకాలిని 90 డిగ్రీల్లో వంచి నాలుగు వారాలు బ్రేస్‌లో ఉంచే పద్ధతి ఒకటి వచ్చింది. 80 మందిలో 72 మందికి మూడు నెలల ఎంఆర్ఐలో లిగమెంటు అతుకుతున్న గుర్తులు కనిపించాయని 2023లో ప్రకటించారు. ఆశ కలిగించే సంగతే, కానీ పోల్చి చూడటానికి రెండో గుంపు లేని అధ్యయనం అది. పైగా కాలి రక్తనాళాల్లో గడ్డలు రాకుండా మందులు వాడుతూ చేసే పని. ఇంట్లో ప్రయత్నించేది కాదు.

పన్నెండో వారంలో తేల్చుకోవాలి. వాపు లేకపోవడం, తొడ బలం మంచి కాలితో పోలిస్తే నూటికి 80 పైన ఉండటం, ఒంటికాలి గెంతు దూరంలోనూ అంతే రావడం, మోకాలు తప్పకపోవడం. ఇవన్నీ ఉంటే ఆపరేషన్ లేకుండా సాగొచ్చు. మామూలు పనుల్లోనే రెండుసార్లు మోకాలు తప్పితే పన్నెండో వారం దాకా కూడా ఆగొద్దు, సర్జన్‌ను కలవండి.

ఆపరేషన్ అయితే, ఎప్పుడు

క్యాలెండరు చూసి కాదు, మోకాలు చూసి చెప్పాలి. ఉబ్బి, వేడిగా, బిగుసుకుని ఉన్న మోకాలికి ఆపరేషన్ చేస్తే లోపల మచ్చకణజాలం పెరిగి, తర్వాత చాపుకోవడమే గగనమవుతుంది. ఎక్కువమంది మోకాళ్లు మూడు నుంచి ఆరు వారాల్లో సిద్ధమవుతాయి.

ఇంట్లోనే చూసుకునే ఒక పద్ధతి ఉంది. మంచం మీద బోర్లా పడుకుని, చిప్పలు అంచు దాటేలా జరిగి, కాళ్లు బయటకు వదిలేయండి. వెనక నుంచి ఎవరినైనా రెండు మడమల ఎత్తు చూడమనండి. దెబ్బతిన్న కాలి మడమ పైకి తేలి ఉంటే అది పూర్తిగా చాపుకోవడం లేదన్నమాట. ప్రతి సెంటీమీటరు తేడా సుమారు ఒక డిగ్రీ లోటు. మడమలు సమానమై, వంపు 120 డిగ్రీలు దాటి, కాలు వణక్కుండా లేచి, కుంటకుండా నడవగలిగితే తేదీ తీసుకోవచ్చు. తప్పుతున్న మోకాలిని మాత్రం ఆరు నెలలు దాటనివ్వకూడదు, మెనిస్కస్ చీలే ముప్పు నెలనెలా పెరుగుతుంది.

కొత్త లిగమెంటుగా వేసే టెండన్‌ను మీ ఒంట్లో ఎక్కడి నుంచి తీస్తారో ముందే అడగాలి. తొడ వెనక నుంచి తీస్తే కోత చిన్నది, ముందువైపు నొప్పి తక్కువ. కానీ వేసిన టెండన్ మందం ఎనిమిది మిల్లీమీటర్లకు తగ్గితే అది తెగే ప్రమాదం పెరుగుతుంది. చిప్ప కింది టెండన్‌ను ఎముక ముక్కలతో సహా తీస్తే పట్టు గట్టిది, కానీ మోకాళ్ల మీద కూర్చుంటే నొప్పి చాలాకాలం ఉంటుంది. నమాజు చేసేవాళ్లు, చర్చిలో మోకరిల్లేవాళ్లు, టైల్స్ పనివాళ్లు ఈ సంగతి సర్జన్‌కు తప్పక చెప్పాలి. మెనిస్కస్ కూడా కుడితే నాలుగు నుంచి ఆరు నెలలు గొంతుక్కూర్చోవడం కుదరదు. ఇంట్లో నేల బాత్రూమే ఉంటే కమోడ్ కుర్చీ ముందే ఏర్పాటు చేసుకోవాలి.

ఖర్చు లెక్కలో ఆపరేషన్ ఒక్కటే రాసుకుంటారు. ఆ తర్వాతి నెలల ఫిజియోథెరపీ, జీతం లేని సెలవు కూడా కలపండి. ఆరోగ్యశ్రీ కార్డున్నవాళ్లు తమ ఆపరేషన్ పథకంలో ఉందో లేదో, కొత్త లిగమెంటును ఎముకకు బిగించే స్క్రూలూ బటన్లూ ప్యాకేజీలోనే వస్తాయో లేదో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడిగి రాయించుకోవాలి.

యాభైల్లో ‘మెనిస్కస్ చీలింది’ అంటే

ఇది వేరే లెక్క. దెబ్బేమీ తగలకుండా, వయసుతో వచ్చిన చీలికకు కీహోల్ ఆపరేషన్ (చిన్న రంధ్రాల గుండా చేసేది) సాధారణంగా అక్కర్లేదు. ఫిన్లాండ్‌లో 146 మందిలో కొందరికి నిజంగా చీలిక కత్తిరించి, మిగతావాళ్లకు చర్మం మీద గాట్లు పెట్టి ఆపరేషన్ చేసినట్టే నటించారు. ఏడాది తర్వాత రెండు గుంపులకూ నొప్పి ఒకేలా తగ్గింది. మోకాలు నిజంగా పట్టేస్తుంటే తప్ప, మూడు నెలల తొడ వ్యాయామం, బరువు తగ్గడం ముందు చేయాల్సినవి.

ఆటకు తిరిగి వెళ్లే తేదీ

కొత్తగా వేసిన టెండన్ ఆరు నుంచి పన్నెండు వారాల మధ్య అన్నిటికంటే బలహీనంగా ఉంటుంది. సరిగ్గా అప్పుడే నొప్పి పోయి, ‘బాగైపోయింది’ అనిపిస్తుంది. మూడో నెల ముందు పరుగు వద్దు, అది కూడా తొడ బలం వచ్చి ఉంటేనే, తిన్నగా మాత్రమే. నార్వే, అమెరికా పరిశోధకులు 106 మందిని గమనించి 2016లో తేల్చిన దాని ప్రకారం, తొమ్మిది నెలల దాకా ఆట వాయిదా వేసిన ప్రతి నెలకూ మళ్లీ మోకాలి గాయమయ్యే అవకాశం సగం చొప్పున తగ్గింది. నెలలతో పాటు తొడ బలం, గెంతులు మంచి కాలితో పోలిస్తే నూటికి 90 చేరాలి.

కాబట్టి లెక్క వెనక నుంచి వేసుకోవాలి. సంక్రాంతి పోటీల్లో బరిలోకి దిగాలనుకునే కబడ్డీ ఆటగాడికి ఏప్రిల్ మధ్యకల్లా ఆపరేషన్ అయిపోవాలి. జూన్‌లో దెబ్బ తగిలినవాడు ఆ సంక్రాంతిని వదిలేసుకుని, జులై, ఆగస్టు, సెప్టెంబరు వ్యాయామానికి ఇచ్చి, మోకాలు నిలుస్తుందో లేదో చూసి దసరా తర్వాత నిర్ణయించుకున్నా, పై ఏడాది సంక్రాంతికి అతనికి చాలినంత సమయం ఉంటుంది.